చొరవకు కొలత ఉందా?

ప్రశ్న: వేరుశనగ రైతులు, పట్టుచీరల నేతగాళ్లు, ఉద్యోగులు... వీళ్లలో వ్యాపార దృక్పథం ఎవరికి ఎక్కువో సర్వే చేసి తేల్చవచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థి, ధర్మవరం

జవాబు: తేల్చవచ్చు. కానీ ‘మీకు రిస్కంటే ఇష్టమేనా?’ అని అడిగితే బోల్తా పడతారు. ఏడాదికి 550 మి.మీ. అటూ ఇటూగా వాన పడే అనంతపురం నేలలో విత్తనం వేయడమే పెద్ద పందెం. అది రైతు కోరుకున్న తెగువ కాదు, తప్పని తెగువ.

వ్యాపార దృక్పథాన్ని కొలవడానికి 1991లో పరిశోధకుడు రాబిన్సన్ బృందం తయారుచేసిన కొలమానం నాలుగు అంశాలు చూస్తుంది: సాధించాలన్న పట్టుదల, కొత్తదనం, ఫలితం నా చేతిలోనే ఉందన్న నమ్మకం, ఆత్మగౌరవం. ఈ నాలుగింటినీ వాళ్లు నిజంగా చేసిన పనుల గురించిన ప్రశ్నలుగా మార్చండి. నేతగాణ్ని ‘నిరుడు సొంత డిజైను ఏమైనా వేశారా?’ అనీ, రైతును ‘కాయలు అమ్మే చోటు మార్చి చూశారా?’ అనీ, ఉద్యోగిని ‘ఎవరూ చెప్పకుండా ఏ పని మొదలుపెట్టారు?’ అనీ అడగండి. వయసు, ఆస్తి, అప్పు దగ్గరదగ్గరగా ఉన్నవాళ్లనే పోల్చండి.

1960లలో అమెరికన్ మనస్తత్వవేత్త మెక్లెలాండ్ కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లో శిక్షణ ఇప్పిస్తే, తర్వాత వాళ్ల చొరవ పెరిగింది. అంటే ఇది నేర్చుకుంటే వచ్చేదే. మీ సర్వేలో వచ్చిన మార్కులు చూసి ఏ వృత్తికీ ముద్ర వేయకండి.