న్యాయ సలహా: చాసిస్ నంబరులో ఒక సున్నా

ఈమధ్య ఒక ఆదివారం పొద్దున్నే కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి వెళ్లాను. నా క్లయింటు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఆయన దగ్గర 2004 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ ఉంది. కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు ఆ పేరు చెబితే చాలు. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిను, 150 హార్స్‌పవర్, ఆ రోజుల్లో మన రోడ్ల మీద అలాంటి సెడాన్ అరుదు. ఆయనకు డాలస్‌లో ఉద్యోగం వచ్చింది, నెలలోపు వెళ్లిపోవాలి, ఈలోగా బండి అమ్మాలి.

కొనడానికి వచ్చిన కుర్రాడు ఇంజిను స్టార్ట్ చేయమని అడగలేదు. ఫోన్ టార్చ్ వేసి, చాసిస్ నంబరు కొట్టిన చోట తెల్ల కాగితం ఆనించి, పెన్సిలు పక్కకు వంచి నెమ్మదిగా రుద్దాడు. కాగితం మీద 17 అక్షరాలు, అంకెలు తేలాయి. ఆర్సీ కార్డు పక్కన పెట్టుకుని ఒక్కోటీ వేలు పెట్టి చదివాడు. పదో పదకొండో అక్షరం దగ్గర వేలు ఆగిపోయింది. "అన్నా, బండి మీద సున్నా ఉంది. ఆర్సీలో ఓ అని ఉంది" అన్నాడు.

బేరం అక్కడే ఆగిపోయింది. నా క్లయింటు మొహం వాడిపోయింది. ఇరవై ఏళ్లుగా ఇన్సూరెన్స్ కట్టాడు, పొల్యూషన్ సర్టిఫికెట్లు తీసుకున్నాడు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తనిఖీలు కూడా అయ్యాయి. ఎవరి కంటా పడలేదు. అయినా ఆ కుర్రాడిది తప్పని నేను అనను. రేపు ఆర్సీ తన పేరున మార్చుకునేటప్పుడు పడే ప్రశ్నే అతను ఈరోజు వేశాడు.

పాత స్పోర్ట్స్ కారు అరుదైంది కాబట్టి ఎలా ఉన్నా ఎగరేసుకుపోతారని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో జరిగేది దానికి తలకిందులు. సైబర్ టవర్స్ చుట్టుపక్కల ఆఫీసుల్లో పాత హోండా సిటీ వీటెక్ కోసమో, సచిన్ తెండూల్కర్ పేరు మీద 500 మాత్రమే వచ్చిన ఫియట్ పాలియో ఎస్10 కోసమో ఏళ్ల తరబడి వెతికేవాళ్లున్నారు. వాళ్లు చేతిలో డబ్బుతోనే వస్తారు. క్లచ్ పోతే వేయిస్తారు, రంగు పోతే పూయిస్తారు. కాగితం పోతే మాత్రం వెనక్కి తిరిగిపోతారు. మెకానిక్ బాగుచేయలేని లోపం అదొక్కటే కాబట్టి.

అందుకే అమ్మేవాళ్లకు నేను మొదట చెప్పేది, పాలిష్ కొట్టించడానికి ముందు ఆర్సీ చేతిలోకి తీసుకోండి అని. దాని మీద చెల్లుబాటు తేదీ చూడండి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2004 బండికి 2019లో ఒకసారి, 2024లో మరోసారి అయి ఉండాలి. గడువు దాటిన ఆర్సీతో బండిని రోడ్డెక్కించడమే నేరం, ఇక అమ్మకం సంగతి చెప్పేదేముంది. 2025 ఆగస్టులో కేంద్రం ఫీజులు పెంచింది. 20 ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు, అదే దిగుమతి కారైతే 80,000. పైన మన రాష్ట్రం గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. కొనేవాడు ఈ లెక్కంతా వేసుకునే వస్తాడు. మీరే ముందు కట్టేస్తే ఆ మొత్తం ధరలో కలుపుకోవచ్చు, మాట పడే పని ఉండదు.

ఆర్సీలో రెండోదిగా చూడాల్సింది హైపోథికేషన్ గడి. ఇక్కడ చిక్కుకున్నవాళ్లను నేను ఎక్కువగా చూశాను. కారు లోను ఎప్పుడో 2009లో తీరిపోయి ఉంటుంది. చివరి ఈఎంఐ కట్టిన సంతోషంలో బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ తీసుకోరు. తీసుకున్నా బీరువాలో పెట్టేస్తారు, ఆర్టీఏకి ఇవ్వరు. బ్యాంకుకు బాకీ లేకపోయినా రికార్డులో బండి ఇంకా బ్యాంకు తాకట్టులోనే ఉంటుంది. సెక్షన్ 51 ప్రకారం ఆ నమోదు ఉన్నంతకాలం బ్యాంకు రాతపూర్వక సమ్మతి లేకుండా యాజమాన్యం మారదు.

ఈలోగా బ్యాంకే లేకుండా పోయి ఉండొచ్చు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది. మన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత ఆర్సీల మీద ఆ పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. కంగారు పడకండి. విలీనంతో పాత బ్యాంకు హక్కులతో పాటు బాధ్యతలూ కొత్త బ్యాంకుకు వస్తాయి, ఎన్‌ఓసీ ఇవ్వాల్సింది ఆ బ్యాంకే. పాత లోను నంబరు, ఖాతా స్టేట్‌మెంటు, ఆర్సీ కాపీ జతచేసి రాతపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. ఎన్‌ఓసీ, బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 చేతికొచ్చాక ఆర్టీఏలో దరఖాస్తు చేస్తే ఆ గడి ఖాళీ అవుతుంది. కొనేవాడు దొరికాక మొదలుపెడితే దీనికి సమయం చాలదు.

స్పోర్ట్స్ కార్ల యజమానులకు ప్రత్యేకంగా ఒక మాట. మీకు బండిని ముస్తాబు చేయడం ఇష్టం, ఆ ఇష్టాన్ని నేను గౌరవిస్తాను. కానీ సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో రాసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. రంగు మారిస్తే ఆర్సీలో ఎక్కించాలి. ఇంజిను మారిస్తే రవాణా శాఖ అనుమతి ఉండాలి, కొత్త ఇంజిను నంబరు ఆర్సీలోకి రావాలి. ఐటీ కారిడార్ రాత్రుల్లో మోత మోగించే సైలెన్సర్ కొనేవాడికి ముచ్చటగానే ఉంటుంది, పోలీసు ఆపినప్పుడు చలాన్ మాత్రం బండి నంబరు మీదే పడుతుంది. తీసేసిన కంపెనీ భాగాలను పారేయకండి. సైలెన్సరు, చక్రాలు, స్టీరింగు, ఏదైనా సరే గుడ్డలో చుట్టి దాచండి. అమ్మే రోజున అవి బండితో పాటు ఉంటే బేరం తీరే మారిపోతుంది.

బెంగళూరు నుంచో పుణె నుంచో ఉద్యోగం మారి ఇక్కడికొచ్చినవాళ్లు వేరే రాష్ట్రం నంబరుతోనే ఏళ్లు గడిపేస్తారు. 12 నెలలు దాటితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పాత రాష్ట్రం ఆర్టీఓ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ రావాలి. మీ దరఖాస్తుకు ఆ అధికారి 30 రోజుల్లో కాదని చెప్పకపోతే ఎన్‌ఓసీ ఇచ్చినట్టే భావించాలని సెక్షన్ 48 అంటుంది. అందుకే దరఖాస్తు రసీదు పారేసుకోవద్దు.

దిగుమతి కార్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పాత పోర్షే, పాత మాజ్డా ఎంఎక్స్-5 లాంటివి చూసి మనసు పారేసుకున్నవాళ్లు అడగాల్సిన కాగితం బిల్ ఆఫ్ ఎంట్రీ. ఆ బండి దేశంలోకి ఎప్పుడొచ్చింది, ఎవరు తెచ్చారు, కస్టమ్స్ సుంకం ఎంత కట్టారు అన్నది అందులో ఉంటుంది. అది లేని దిగుమతి కారుకు పుట్టిన తేదీ లేనట్టే. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ అధికారులు ‘నుమ్‌ఖోర్’ పేరుతో సోదాలు చేసి, భూటాన్ నుంచి దొంగతనంగా తెచ్చి నకిలీ పత్రాలతో ఇక్కడ రిజిస్టర్ చేయించారన్న ఆరోపణపై ఖరీదైన వాహనాలను స్వాధీనం చేసుకున్నారు.

ఇదే విషయంలో 2024లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మీకు తెలియాలి. ఆ కేసులోని బండి పోర్షే కరెరా, 2000ల మొదట్లో దిగుమతి అయింది. తెచ్చినవారు ఒకరికి అమ్మారు, ఆయన ఇంకొకరికి అమ్మారు. తర్వాత సుంకం తక్కువ కట్టారంటూ కస్టమ్స్ ఆ చివరి కొనుగోలుదారును డబ్బు కట్టమంది. తర్వాత కొన్నవాడు ‘దిగుమతిదారు’ కాడు, అతని నుంచి ఆ సుంకం వసూలు చేయడం కుదరదని కోర్టు తేల్చింది. కొన్నవాళ్లకు పెద్ద ఊరటే. కానీ కొన్న బండి కోసం ఆయన ఇన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. పైగా సుంకం బాధ్యత వేరు, అక్రమంగా వచ్చిన వస్తువును జప్తు చేసే అధికారం వేరు. ఆ అధికారం కస్టమ్స్ చట్టంలో ఉంది.

ఇక అమ్మిన రోజు సంగతి. మన దగ్గర ఫారం 29, ఫారం 30 ఖాళీగా సంతకం చేసి, డబ్బు తీసుకుని, తాళాలిచ్చేసి ఊపిరి పీల్చుకునే అలవాటుంది. దయచేసి అలా చేయకండి. సెక్షన్ 50 ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడు ఆర్టీఏకి తెలియజేయాలి, 30 రోజుల్లో కొన్నవాడు తెలియజేయాలి. ఆర్సీలో మీ పేరు ఉన్నంతవరకు చట్టం దృష్టిలో యజమాని మీరే. ఒక మనిషి 2007లో తన కారు అమ్మేశాడు. ఆర్సీ మారలేదు, బండి చేతులు మారుతూ పోయింది. 2009లో ప్రమాదం జరిగి ప్రాణం పోయింది. పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రమాదం నాటికి ఆయన ఆ స్టీరింగు వదిలి దాదాపు రెండేళ్లయింది.

కాబట్టి డెలివరీ నోటులో తేదీతో పాటు గంట కూడా రాయండి, ఓడోమీటరు రీడింగు రాయండి, ఇద్దరూ సంతకం చేయండి. మీకు తెలిసిన పాత ప్రమాదాలు, తిరిగి వేసిన పెయింటు అందులోనే రాసేయండి. దాస్తే కాంట్రాక్టు చట్టం ప్రకారం కొన్నవాడు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు, చెబితే ఆ కాగితమే మీకు అండ. నగదుగా రెండు లక్షలు, ఆపైన తీసుకోవద్దు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడుతుంది. పెండింగు చలాన్లు కట్టేసి రసీదు ఇవ్వండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు చట్టప్రకారం కొన్నవాడికి బదిలీ అవుతుంది కానీ, బండికి జరిగే నష్టం కవరు దానంతటది మారదు. 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీ పేరు మార్పించుకోవాలని అతనికి చెప్పండి.

డీలరుకు అమ్ముతున్నారా? 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలరుకు రవాణా శాఖ అధికార పత్రం ఉండాలి. ఫారం 29సీ ద్వారా బండి డీలరుకు అప్పగించినట్టు నమోదైతే, అప్పటినుంచి బాధ్యత అతనిది. ఆ పత్రం చూపించమని అడగడం మీ హక్కు, మొహమాటపడొద్దు. డీలరు దగ్గర కొని, మీటరు వెనక్కి తిప్పారనో ప్రమాదం దాచారనో తేలితే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు, మీరు నివసించే లేదా పనిచేసే చోటే వేయవచ్చు. ముందు 1915కి ఫోన్ చేసి చూడండి. వ్యక్తి నుంచి వ్యక్తి కొన్నప్పుడు ఈ దారి లేదు, సివిల్ కోర్టుకో, మోసం స్పష్టంగా ఉంటే పోలీసు స్టేషనుకో వెళ్లాలి.

తాతగారి కాలం నాటి బండ్లున్న కుటుంబాలకు ఒక మాట. యజమాని చనిపోతే 30 రోజుల్లో ఆర్టీఏకి చెప్పాలి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరున మార్పించుకోవాలి. 50 ఏళ్లు దాటిన, అసలు రూపం మారని బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ర్యాలీకి, ప్రదర్శనకు తీసుకెళ్లవచ్చు, రోజూ ఆఫీసుకు వాడకూడదు.

మళ్లీ ఆ సున్నా దగ్గరికి వస్తాను. 17 అక్షరాల చాసిస్ నంబర్లకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. అంకెలతో పొరబడతారని ఇంగ్లిష్ అక్షరాలు ఐ, ఓ, క్యూ ఆ నంబర్లలో అసలు వాడరు. అంటే ఆర్సీలోని ‘ఓ’ అసాధ్యం, ఎక్కించేటప్పుడు పడిన తప్పే. నా క్లయింటు అమ్మగారు 2004 నాటి ఫైలు దాచి ఉంచారు. అందులో ఫారం 21 అమ్మకం సర్టిఫికెట్టు, మొదటి ఇన్సూరెన్సు పాలసీ, తయారీదారు ఇచ్చిన ఫారం 22 ఉన్నాయి. మూడింటిలోనూ సున్నానే. అవి జతచేసి దిద్దుబాటుకు దరఖాస్తు చేశాం. ఇన్‌స్పెక్టరు బండి చూసి, ఆయన కూడా అలాగే కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దుకున్నారు.

కొత్త ఆర్సీ కార్డు వచ్చిన సాయంత్రం ఆ కుర్రాడికి ఫోన్ చేశాం. మొదట ఒప్పుకున్న ధరకే తీసుకున్నాడు. ఫారాల మీద సంతకాలయ్యాక, ఆ ఆదివారం తను రుద్దిన కాగితం జేబులోంచి తీసి, పాత ఫైలులో ఫారం 21 వెనకాల పిన్ను కొట్టి పెట్టుకున్నాడు.