ఎత్తిపోతల పంపునకు పైపులు అమర్చు విధము

గోదావరి, కృష్ణా తీరములందు ఎత్తిపోతల పథకములను రైతు సంఘములే నడుపుకొనుచున్న గ్రామములు కలవు. ఒక రైతు బావిమీది చిన్న పంపు నిలిచినయెడల అతని చేను మాత్రమే యెండును. సంఘము పంపు నిలిచినచో ఆయకట్టంతయు నెండును. పెద్ద పంపులు చెడిపోవుటకు యంత్రమునందలి లోపము గాక అమరికయందలి లోపమే పలుమారు కారణమగుచుండును. అమర్చువాడు నేర్పరియైన పనివాడే కావచ్చును. కాని దగ్గరనుండి చూచుకొనవలసినవారు సభ్యులు. కావున వారు తెలిసికొనవలసిన సంగతులను వరుసగా వివరించెదను. అన్నిటికిని మూలసూత్ర మొక్కటే: పైపు బరువుగాని, పైపు లాగుడుగాని పంపుమీద పడరాదు.

పునాది

పంపు, మోటారు, వాని క్రింది ఇనుప చట్రము, ఈ మూటి బరువునకు కనీసము మూడు రెట్లు బరువుగల కాంక్రీటు దిమ్మ యుండవలెను. దిమ్మ బాగుగా గట్టిపడిన పిమ్మట చట్రమును దానిపై నుంచి, ఇనుప చీలలతో సరిచేసి, రసమట్టముతో నిలువునను అడ్డమునను చూడవలెను. తరువాత చట్రము క్రింది సందులను సిమెంటుతో పూర్తిగా నింపవలెను. ఆ సిమెంటు ఆరి గట్టిపడకముందు పైపును తగిలింపరాదు.

కాడి సమముగా లేనిచో ఎద్దు మెడ పుండగును. అట్లే మోటారు ఇరుసును పంపు ఇరుసును ఒకే సూటిలో లేనిచో బేరింగులు కాగి అరిగిపోవును. కావున కప్లింగు రెండు ముఖముల నడిమి సందును నాలుగు వైపులను కొలిచి, ఆ కొలతలను వ్రాసి యుంచవలెను.

సక్షను పైపు

పంపు నీటిని లాగుననుట వాడుక మాటయే. నిజమునకు గాలి యొత్తిడియే నీటిని పైకి నెట్టుచున్నది. సముద్రమట్టమున ఆ యొత్తిడి 10.3 మీటర్ల నీటిని మాత్రమే నిలుపగలదు. పైపులోని రాపిడి మొదలగు నష్టములు పోగా, వేసవిలో నీరు అట్టడుగునకు దిగినప్పుడు సైతము పంపు నీటిమట్టముకంటె 6 మీటర్లకు మించి ఎత్తున లేకుండుట మేలు.

సక్షను పైపు పంపు నోటికంటె ఒక సైజు పెద్దదిగా నుండవలెను. అది నీటినుండి పంపువరకు క్రమముగా పైకే పోవలెను. నడుమ ఎచ్చటనైనను మూపువలె లేచినచో అచ్చట గాలి చేరి నీటిదారి నడ్డగించును. పంపు నోటివద్ద సైజు తగ్గించు రెడ్యూసరు ఒక ప్రక్క చదునైనదిగా నుండవలెను. ఆ చదును ప్రక్క పైకి రావలెను. నోటికి ఆనించి బెండు వేయరాదు. పైపు వ్యాసమునకు అయిదు రెట్ల పొడవైనను తిన్నని పైపు ఉండవలెను. సక్షను అతుకులో సన్నని రంధ్రమున్నను నీరు బయటికి కారదు, గాలి లోపలికి పోవును. కావున అది కంటికి కనబడదు. పైపును పంపును నీటితో నింపి కొంతసేపు నిలిపి చూచినచో లోపము బయటపడును.

డెలివరీ పైపు

పంపునుండి మొదట నాన్ రిటర్న్ వాల్వు, దాని తరువాత గేటు వాల్వు ఉండవలెను. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు పైకెక్కిన నీరంతయు వెనుకకు మరలి పంపును దెబ్బతీయకుండ మొదటిది కాపాడును.

వాల్వులకును పైపులకును వేరుగా దిమ్మలు కట్టవలెను. వంపులవద్ద మరింత గట్టి దిమ్మలు కావలెను. 30 మీటర్ల ఎత్తునకు నీరెక్కించు 250 మిల్లీమీటర్ల పైపు అడుగున 90 డిగ్రీల వంపు ఉన్నదనుకొందము. అచ్చట నీరు ఊరక నిలిచియున్నప్పుడే సుమారు 2,000 కిలోల బలము ఆ వంపును బయటికి త్రోయుచుండును. దిమ్మ లేనిచో ఆ బలమును పంపు మెడయే భరింపవలసి వచ్చును.

జోడించుట

పైపు పంపు వద్దకు రావలెనే గాని పంపు పైపు వద్దకు పోరాదు. రెండు ఫ్లాంజిల ముఖములు సమముగా నెదురుపడి, బోల్టులు చేతితోనే రంధ్రములలో దిగవలెను. గడ్డపారతో నెట్టియో, బోల్టులు బిగించి లాగియో కలుపుట తగదు. ఎదురెదురు బోల్టులను కొంచెము కొంచెముగా బిగించుచు రావలెను. పిమ్మట కప్లింగు సందును మరల కొలువవలెను. మొదటి కొలత మారినచో పైపు పంపును లాగుచున్నదని తెలిసికొని, విప్పి సరిచేయవలెను.

ప్రాణరక్షణ

పని ముగియువరకు మెయిన్ స్విచ్చి తీసి తాళము వేసి, తాళపుచెవిని పనిచేయువాడే ఉంచుకొనవలెను. చైనుకప్పీకి వ్రేలాడు పైపు క్రింద ఎవ్వరును నిలువరాదు. మోటారునకు ఎర్తు తీగయు, కప్లింగునకు మూతయు లేక నడుపరాదు.

బావిలోనికి ఇంజను దింపి నడుపుట మిక్కిలి ప్రమాదము. దాని పొగలోని విషవాయువునకు రంగును లేదు, వాసనయు లేదు. దీపము వెలుగుచున్నదిగదా యని దిగరాదు. ఆ వాయువు దీపము నార్పకయే మనిషిని చంపగలదు. పడిపోయినవానిని పైకి తెచ్చుటకు తొందరపడి దిగినవారును అట్లే ప్రాణములు కోల్పోవుదురు.

మొదటిసారి నడుపుట

కప్లింగు విడదీసి మోటారును క్షణకాలము త్రిప్పి, తిరుగు దిక్కు సరియో కాదో చూడవలెను. కప్లింగు మరల కలిపి మూత బిగించిన పిమ్మట పంపును నీటితో నింపి, గాలి పూర్తిగా వెడలనిచ్చి, గేటు వాల్వు మూసి మోటారును నడిపి, వెంటనే వాల్వును మెల్లగా తెరువవలెను. మూసియుంచి ఎక్కువసేపు నడిపినచో లోపలి నీరు కాగి పంపు చెడును. గ్లాండునుండి చుక్క చుక్కగా నీరు కారుట లోపము గాదు.

కప్లింగు కొలతలు రెండు మారులును సభ్యుల యెదుట తీసి సంఘపు దస్త్రములో వ్రాయించి, అవి సరిపోయిన పిమ్మటనే అమర్చినవారికి చివరి సొమ్ము చెల్లింపవలెను. ఈ యొక్క నియమమును తప్పక పాటించిన సంఘమునకు పంట నడుమ పంపు విప్పవలసిన అవస్థ చాలవరకు తప్పును.