పడవ ఇంజనుకి డీజిలు అందనప్పుడు

మా చేలో ఆయిల్ ఇంజనుకి టాంకు నెత్తిమీదే వుంటుంది. గొట్టం వదులైతే డీజిలు చుక్కలు కారి నేల తడుస్తుంది, లోపం కంటికి కనబడుతుంది. వేటకు పోయే మరపడవలో టాంకు ఇంజను కన్నా క్రింద వుంటే, ఫీడు పంపు డీజిలుని పైకి లాగాలి. అప్పుడు గొట్టంలో పీడనము వాతావరణ పీడనము కన్నా తక్కువ. అందుచేత వాషరు వదులైతే డీజిలు బయటకు రాదు, గాలే లోపలికి పోతుంది. చుక్క కారలేదు గనక గొట్టం బాగుందనుకోరాదు.

ఇంజను కాసేపు నడిచి, బలం తగ్గి ఆగిపోయిందనుకోండి. ముందు టాంకు మూత వదులు చెయ్యండి. కోలుకుంటే గాలిరంధ్రం పూడిందన్నమాట. లేదంటే ఫిల్టరు మీది బ్లీడింగు స్క్రూ వదిలి చేతిపంపు కొట్టండి. బుడగలు ఆగకుండా వస్తుంటే గాలి చొరబడుతోంది. ఏమీ రాకపోతే ఎక్కడో అడ్డుంది. ఫిల్టరు అడుగున నీళ్ళు చేరాయేమో కూడా చూడాలి. నీరు డీజిలు కన్నా బరువు గదా!

అప్పటికీ తేలకపోతే, ఎత్తున పెట్టిన డబ్బానుంచి వేరే గొట్టంతో ఫీడు పంపుకి శుభ్రమైన డీజిలు ఇవ్వండి. బాగా నడిస్తే తప్పు టాంకు వైపే, ఇంజెక్షను పంపు నిర్దోషి. కొందరు మొదట విప్పేది దాన్నే! ఒడ్డున అయితే సరే, సముద్రం మీద దాన్ని తిరిగి అమర్చేదెవరు? ఆగిన పడవ గాలి ఎటు తోస్తే అటే పోతుంది. లీకు కట్టాక, బుడగలు పూర్తిగా పోయేదాకా చేతిపంపు కొట్టి, స్క్రూ బిగించి, ఆ పైన స్టార్టు చెయ్యాలి.