క్షయ సూక్ష్మజీవి భక్షక కణాన్ని లొంగదీసుకునే తీరు: నాంపల్లి ప్రయోగశాల అధ్యయనాలు

ఆబిడ్స్ నుంచి నాంపల్లి వైపు వెళ్లేవారికి మొజంజాహీ మార్కెట్ రాతి కట్టడం పరిచితమైన గుర్తు. దాని ఎదుట ఉన్న తుల్జాగూడ సముదాయంలోను, నాంపల్లిలోనే ఉన్న గృహకల్ప భవనంలోను సెంటర్ ఫర్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్, క్లుప్తంగా సీడీఎఫ్‌డీ, ఉప్పల్‌కు తరలిపోకముందు కొన్నేళ్లు పనిచేసింది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కింద నడిచే ఈ సంస్థ పేరు పత్రికలలో ఎక్కువగా కనిపించేది నేర పరిశోధన సందర్భంలోనే. వ్యవసాయ శాస్త్రజ్ఞులకు బాస్మతి బియ్యంలో కల్తీని డీఎన్ఏ పరీక్షతో గుర్తించే సంస్థగా కూడా అది తెలుసు. అదే సంస్థలో డాక్టర్ సంగీతా ముఖోపాధ్యాయ బృందం క్షయ సూక్ష్మజీవిపై చేసిన అధ్యయనాలకు మాత్రం అంత ప్రచారం రాలేదు. వరి తెగుళ్లను చదివిన విద్యార్థికి ఈ అధ్యయనాలలోని తర్కం అపరిచితంగా తోచదు. పైరులోనైనా మనిషిలోనైనా, నేర్పరి అయిన రోగకారకం ఆతిథేయి రక్షణ వ్యవస్థను ధ్వంసం చేయదు. దానికే తప్పుడు సంకేతాలు పంపి తనకు అనుకూలంగా నడిపించుకుంటుంది.

రాబర్ట్ కాక్ 1882లో క్షయకు కారణమైన మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్‌ను గుర్తించాడు. శక్తిమంతమైన మందులు వచ్చి డెబ్బై ఏళ్లు దాటినా, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో 1.08 కోట్ల మంది ఈ వ్యాధికి గురయ్యారు, 12.5 లక్షల మంది మరణించారు. మొత్తం రోగులలో నాలుగో వంతుకు పైగా భారతదేశంలోనే ఉన్నారు. అయితే ఈ సూక్ష్మజీవి శరీరంలో చేరిన ప్రతి మనిషీ రోగి కాడు. అధిక సంఖ్యాకులలో అది ఏళ్ల తరబడి అణిగి ఉంటుంది. ఆరోగ్యవంతుడు రోగిగా మారే ఆ మలుపు ఎక్కడ, ఎందువల్ల వస్తుందన్నదే క్షయ పరిశోధనలో అసలు ప్రశ్న.

గాలితోపాటు ఊపిరితిత్తులలోకి చేరిన సూక్ష్మజీవిని మొదట ఎదుర్కొనేది మాక్రోఫేజ్ అనే భక్షక కణం. పరాయి జీవిని మింగి, ఆమ్లంతోను, నైట్రిక్ ఆక్సైడ్ వంటి విష రసాయనాలతోను చంపి, దాని శకలాలను టి-కణాలకు చూపించడం దీని పని. టి-కణాలు తిరిగి ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేతాన్ని పంపి భక్షక కణాన్ని మరింత చురుకుగా మారుస్తాయి. చాలా బాక్టీరియాల కథ ఇక్కడితో ముగుస్తుంది. క్షయ సూక్ష్మజీవి మాత్రం తనను మింగిన కణాన్నే నివాసంగా మార్చుకుంటుంది.

అది ఎలా సాధ్యమన్న ప్రశ్నకు ఆధారం 1998లో దొరికింది. స్టీవర్ట్ కోల్ నాయకత్వంలోని శాస్త్రజ్ఞులు ఆ ఏడాది ఈ సూక్ష్మజీవి పూర్తి జన్యుపటాన్ని ప్రచురించారు. సుమారు 44 లక్షల అక్షరాలు, 4 వేల జన్యువులు ఉన్న ఆ పటంలో ఒక వింత కనిపించింది. జన్యు సామర్థ్యంలో దాదాపు పదో వంతును పీఈ, పీపీఈ అనే రెండు ప్రోటీన్ కుటుంబాలే ఆక్రమించాయి. తొలి భాగంలో వరుసగా వచ్చే ప్రోలిన్, గ్లుటామిక్ ఆమ్లాలను బట్టి వాటికి ఆ పేర్లు వచ్చాయి. మరే బాక్టీరియా కుటుంబంలోనూ ఇంత విస్తారంగా కనిపించని ఈ ప్రోటీన్ల పని ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. పనికిరాని సామగ్రిని ఏ జీవీ ఇంత ఖర్చు పెట్టి మోయదు గదా.

ఆ కుటుంబంలో పీపీఈ-18 అనే సభ్యుడి పనితీరును సీడీఎఫ్‌డీ బృందం 2009లో వివరించింది. భక్షక కణం పైపొరపై టీఎల్ఆర్-2 అనే గ్రాహకం ఉంటుంది. బాక్టీరియా స్పర్శను పసిగట్టి కణాన్ని మేల్కొల్పే కాపలాదారుల్లో అదొకటి. పీపీఈ-18 నేరుగా ఈ గ్రాహకానికే అతుక్కుంటుంది. కాపలాదారు మేల్కొంటాడు, కాని తప్పు సమాచారం అందిస్తాడు. కణంలో ఇంటర్‌ల్యూకిన్-10 ఉత్పత్తి పెరుగుతుంది. ఇది శోథను చల్లార్చే సంకేతం. సాధారణ పరిస్థితులలో శరీరం తన కణజాలాన్ని తానే కాల్చుకోకుండా కాపాడేది ఇదే. సూక్ష్మజీవి దీనిని అకాలంలో మోగిస్తుంది. క్షయను అదుపు చేయగల టి-కణాల స్పందన దానితో బలహీనపడుతుంది. 2011లో అదే బృందం మరో మెట్టు ఎక్కింది. శోథ జన్యువులను పనిచేయించే ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రధాన మీటను కూడా ఈ ప్రోటీన్ పరోక్షంగా అడ్డుకుంటున్నట్లు చూపింది.

పరీక్షనాళికలో కనిపించిన ప్రభావం సజీవ దేహంలో నిలుస్తుందా అన్న సందేహం ఇలాంటి చోట సహజం. 2012లో వెలువడిన అధ్యయనం దానికి సమాధానం. పీపీఈ-18 జన్యువును తొలగించిన సూక్ష్మజీవి భక్షక కణాలలో సరిగా మనలేకపోయింది. ఎలుకలలో కూడా వ్యాధి తీవ్రత తగ్గింది. ఒక జన్యువును తీసివేసి ఫలితం చూడడం పంట తెగుళ్ల పరిశోధనలోనూ నికరమైన పరీక్షగా లెక్కించేదే.

2017లో ప్రచురితమైన పీపీఈ-2 అధ్యయనం సస్యరోగ శాస్త్ర విద్యార్థులు ప్రత్యేకంగా చదవవలసినది. ఈ ప్రోటీన్ సూక్ష్మజీవి నుంచి బయటపడి, ఆతిథేయి కణ కేంద్రకంలోకే ప్రవేశిస్తుంది. అక్కడ నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైమ్ జన్యువుకు ముందుండే ప్రమోటర్ ప్రాంతాన్ని పట్టుకొని, ఆ జన్యువును అణచివేస్తుంది. ఆయుధం తయారయ్యే కొలిమినే చల్లార్చడం లాంటిది ఇది. వరిలో బాక్టీరియా ఆకు ఎండు తెగులును కలిగించే జాంథోమొనాస్ చేసేదీ ఈ కోవలోనిదే. దాని టాల్ ప్రోటీన్లు వరి కణ కేంద్రకంలోకి వెళ్లి, చక్కెరను బయటకు పంపే స్వీట్ జన్యువుల ప్రమోటర్లపై కూర్చుంటాయి. క్షయ సూక్ష్మజీవి ఒక జన్యువును ఆపివేస్తే, జాంథోమొనాస్ ఒక జన్యువును నడిపిస్తుంది. దిశ వేరైనా మార్గం ఒకటే.

ఈ పోలికకు ఆచరణలో విలువ ఉంది. సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధనా సంచాలకాలయం కలిసి బీపీటీ 5204లో మూడు నిరోధక జన్యువులను చేర్చి రూపొందించిన ఇంప్రూవ్డ్ సాంబా మసూరి 2008లో విడుదలైంది. ఆ మూడింటిలో ఎక్స్ఏ-13 అంటే కొత్త ఆయుధమేమీ కాదు. స్వీట్ జన్యువు ప్రమోటర్‌లో చిన్న మార్పు మాత్రమే. బాక్టీరియా ప్రోటీన్‌కు కూర్చునే చోటు దొరకదు. మొక్కలో ప్రమోటర్‌ను మార్చవచ్చు, మనిషిలో అలా మార్చడం కుదరదు. అందువల్ల వైద్య పరిశోధన రెండో వైపు నుంచి, అంటే సూక్ష్మజీవి ప్రోటీన్‌ను గురిచూసి, నడవక తప్పదు.

ఈశాట్-6 అనే మరో ప్రోటీన్ విషయం పశు వైద్యులకూ సంబంధించినది. సీడీఎఫ్‌డీ బృందం 2014లో చూపిన ప్రకారం ఇది భక్షక కణంలోని బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్‌ను పట్టుకొని, సూక్ష్మజీవి శకలాలను టి-కణాలకు చూపించే పనిని కుంటుపరుస్తుంది. ఈ ప్రోటీన్‌కు చెందిన జన్యుభాగం బీసీజీ టీకాలో లేదు. కాల్మెట్, గెరాన్‌లు పశువుల క్షయ సూక్ష్మజీవిని ప్రయోగశాలలో 13 ఏళ్లపాటు తిరగనాటుతూ వచ్చినప్పుడు అది రాలిపోయింది. 1921 నుంచి వాడుకలో ఉన్న ఆ టీకా బలహీనపడటానికి ఇదొక ముఖ్య కారణం. ఆ లోపం ఇప్పుడు మరో రకంగా అక్కరకు వచ్చింది. పాత ట్యూబర్‌క్యులిన్ పరీక్ష టీకా వేసుకున్నవారిని, సూక్ష్మజీవి సోకినవారిని స్పష్టంగా వేరుచేయలేదు. ఈశాట్-6 ఆధారంగా చేసే చర్మ పరీక్షలు వేరుచేస్తాయి. మనుషుల కోసం అలాంటి పరీక్షలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. పశువులలోనూ ఇదే సూత్రంపై పరీక్షలు రూపొందాయి. పశువుల క్షయ కాచని పాల ద్వారా మనుషులకు సోకుతుందని పాడి రైతులకు చెప్పేవారు ఈ నేపథ్యాన్ని తెలుసుకోవడం మంచిది.

పీపీఈ-18 కథకు ఊహించని మలుపు ఒకటుంది. పీపీఈ-18, ఎంటీబీ-39ఎ అన్నవి ఒకే ప్రోటీన్‌కు రెండు పేర్లు. నాంపల్లి అధ్యయనాలతో సంబంధం లేకుండా, వేరే దారిలో విదేశీ శాస్త్రజ్ఞులు దీనిని మరో ప్రోటీన్‌తో జతచేసి ఎం72 అనే టీకాను రూపొందించారు. దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియాలలో అప్పటికే క్షయ సోకి, వ్యాధి లక్షణాలు లేని వయోజనులపై జరిగిన పరీక్షలో, మూడేళ్ల పరిశీలన తరువాత టీకా పొందినవారిలో 13 మందికి, పొందనివారిలో 26 మందికి వ్యాధి వచ్చింది. అంటే రక్షణ దాదాపు 50 శాతం. 2019లో ఈ తుది ఫలితాలు వెలువడ్డాయి; మూడో దశ పరీక్ష 2024లో దక్షిణాఫ్రికాలో మొదలైంది. రక్షణ వ్యవస్థను జోకొట్టే ప్రోటీన్ టీకాలో దానిని ఎలా మేల్కొల్పుతుంది? ఆ పని చాలావరకు దానితో కలిపే ప్రేరకానిది. ఆ ప్రేరకంలోని ఒక అంశం చిలీ దేశపు క్విల్లాజా చెట్టు బెరడు నుంచి తీసే సపోనిన్. మన కుంకుడుకాయ నురగకు కారణమైన రసాయనాలూ ఆ వర్గానివే. అయితే రోగుల నుంచి సేకరించిన సూక్ష్మజీవులలో పీపీఈ-18 జన్యువు ఒకే రూపంలో లేదని 2007లోనే తేలింది. నిరోధక రకాలు కొన్నేళ్లకు తెగులుకు లొంగిపోవడం చూసినవారికి ఈ హెచ్చరిక బరువు తెలుస్తుంది.

టీకా వచ్చేలోగా ఏమిటన్న ప్రశ్నకు ప్రయోగశాల వెలుపలి నుంచి సమాధానం వచ్చింది. పోషణ లోపించిన శరీరంలో టి-కణాల స్పందన తగ్గుతుంది. భక్షక కణానికి అందవలసిన ఇంటర్‌ఫెరాన్ సంకేతమూ తగ్గుతుంది. సూక్ష్మజీవి తన ప్రోటీన్లతో కష్టపడి సాధించేదానిని ఆకలి ముందే సమకూర్చి పెడుతుంది. ఝార్ఖండ్‌లోని నాలుగు జిల్లాలలో 2,800 మంది రోగుల కుటుంబాలలో, 10,345 మంది సభ్యులపై జరిగిన రేషన్స్ అధ్యయనం 2023లో లాన్సెట్‌లో వెలువడింది. రోగులందరికీ ఆహారం అందించారు. సగం కుటుంబాలలో మాత్రం మిగతా సభ్యులకూ ఇచ్చారు. ఆ కుటుంబాలలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది; పరీక్షలో సూక్ష్మజీవి కనిపించిన ఊపిరితిత్తుల క్షయను మాత్రమే లెక్కిస్తే 48 శాతం తగ్గింది. ఎం72 టీకా చూపిన రక్షణకు ఇది దరిదాపుల్లోనే ఉండటం గమనార్హం.

నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికి నెలకు ఇచ్చే మొత్తాన్ని 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెంచారు. ఆ డబ్బు రోగి పేరిటే వస్తుంది. అదే ఇంట్లో అదే గాలి పీల్చేవారికి ఆ డబ్బు రాదు. ఝార్ఖండ్ అధ్యయనంలో కుటుంబంలోని పెద్దవారికి మనిషికి నెలకు ఇచ్చినది 5 కిలోల బియ్యం, ఒకటిన్నర కిలోల పప్పు, వాటితోపాటు సూక్ష్మపోషకాల మాత్రలు.