ఆకుపచ్చగా పుట్టి ఎర్రబడే ప్రొటీన్

ప్లాస్మిడ్ మ్యాప్ చూపిస్తే పక్క బ్రాంచ్ ఫ్రెండ్స్ "ఇదేంట్రా, రింగ్ రోడ్డా?" అంటుంటారు. పోలిక మరీ తప్పేం కాదు. ప్లాస్మిడ్ అంటే గుండ్రంగా చుట్టుకున్న చిన్న డీఎన్ఏ. ఈసారి నేను చెప్పబోయేది ఎం-ఈఓస్2 అనే ప్రొటీన్‌ని క్షీరదాల కణాల్లో తయారుచేయించే ప్లాస్మిడ్ గురించి.

ముందు దాని అన్నగారి సంగతి. జపాన్‌లోని రైకెన్‌లో మియావాకీ బృందం ఒక పగడపు జీవి నుంచి ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్ తీసింది. ఓ ట్యూబు రాత్రంతా బల్ల మీదే ఉండిపోతే మర్నాటికి ఎర్రబడింది. కారణం వెలుతురు! 2002లో ప్రచురించిన ఈ ప్రొటీన్‌కి జపాన్ మేపుల్ చెట్టు పేరే పెట్టారు, కయేడే అని. ఊదా కాంతి పడితే హిస్టిడిన్ దగ్గర ప్రొటీన్ గొలుసులో ఒక బంధం తెగుతుంది. తెగింది మళ్లీ అతుక్కోదు, అందుకే ఎరుపు తిరిగి ఆకుపచ్చ అవదు. కణంలో ఒక మూల లేజర్ వేశామనుకోండి, అప్పటికి అక్కడున్న ప్రొటీన్లకి గుర్తు పడుతుంది. తర్వాత పుట్టేవి ఆకుపచ్చే. పాతవి ఎటు కదిలాయో చూడొచ్చు.

ఇక మ్యాప్. ఈ రింగుకి రెండు కాపురాలు. ఈ.కోలైలో కాపీలు పెరగడానికి ఓరి, జంతు కణంలో జన్యువుని నడపడానికి సీఎంవీ ప్రమోటర్, చివర పాలీ-ఏ సంకేతం. ఎన్1 రకం వెక్టర్‌లో నిరోధక జన్యువు ఒక్కటే రెండిళ్లలోనూ పనిచేస్తుంది: అక్కడ కనమైసిన్‌కి, ఇక్కడ జీ418కి. మన జన్యువు ముందు, మెరిసేది వెనక. కాబట్టి మన జన్యువు చివరి స్టాప్ కోడాన్ తీసెయ్యాలి, మూడేసి అక్షరాల లెక్క తప్పకూడదు. ఒక్కటి జారినా మెరుపు ఉండదు.

మెరుపు రాకపోతే కనీసం తెలుస్తుంది. నన్ను భయపెట్టేది తప్పుగా మెరవడం. కయేడే నాలుగేసి అతుక్కుని ఉంటుంది. దాన్ని తగిలిస్తే మన ప్రొటీన్ కూడా గుంపు కట్టొచ్చు. 2004లో వచ్చిన ఈఓస్‌దీ ఇదే తంతు. దాన్ని ఒంటరిగా ఉండేలా మార్చగా మార్చగా 2009లో ఎం-ఈఓస్2 వచ్చింది. అదీ చిక్కగా ఉన్నచోట కాస్త గుంపు కడుతుందని తేలి, 2012లో ఎం-ఈఓస్3.2 చేశారు. సీఎంవీ ఏమో కుండలకొద్దీ ప్రొటీన్ పోయించే రకం!

పామ్ మైక్రోస్కోపీలో ఇది మామూలు విషయం కాదు. బెట్జిగ్ బృందం 2006లో చూపిన ఆ పద్ధతి (2014 నోబెల్‌లో ఆయన వాటా దీనికే) ఇలాంటి ప్రొటీన్లని కొన్ని కొన్నిగా వెలిగించి, సుమారు 20 నానోమీటర్ల వివరం రాబడుతుంది. ఆ స్థాయిలో ఒక గుంపు కనిపిస్తే, అది మన ప్రొటీన్ అలవాటా, తగిలించిన తోకదా? అందుకే తోకని అటు చివర నుంచి ఇటు మార్చి చూడాలి, బలం తక్కువ ప్రమోటర్ పెట్టి చూడాలి, తోక లేని ప్రొటీన్‌ని యాంటీబాడీతో రంగు వేసి పోల్చాలి. మూడింట్లోనూ గుంపు అలాగే ఉంటే అప్పుడు నేను నమ్ముతాను.