యాత్రికుడు ఊరి నెట్లు ఎంచుకొనును?

శ్రీకాకుళం పట్టణపు అంచుననే అరసవల్లి యున్నది. రథసప్తమి నాడు అచ్చట అడుగు పెట్టుటకు చోటు దొరకదు. అదే జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండం కొండ కలదు. దానిపై బౌద్ధుల స్తూపములు, చైత్యములు శిథిలములై నిలిచియున్నవి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో వీనిని లోకమునకు ఎరుకపరచిరి. కొండపై నుండి చూచినచో నది సముద్రము వైపునకు సాగిపోవుట కన్నుల పండువగా నుండును. ఐనను అరసవల్లితో పోల్చినప్పుడు ఇచ్చటికి వచ్చువారు బహు కొద్ది. కారణమేమి?

చోటు గొప్పదైనంత మాత్రమున జనులు రారు. ఇల్లు కదలుటకు ముందొక ప్రేరణ కలుగవలెను. అది మ్రొక్కు కావచ్చును, పిల్లల సెలవులు కావచ్చును, ఊరక నాలుగు చోట్లు చూడవలెనను కోరిక కావచ్చును. ఎచ్చటికను ప్రశ్న పిదప వచ్చును. అప్పుడైనను మనిషి లోకములోని స్థలములన్నిటిని తూచి చూడడు. తాను విన్న నాలుగైదు పేర్లలో నుండియే ఒకదానిని ఎంచుకొనును. విననిపేరు లెక్కలోనికే రాదు. పూర్వము ఆ పేర్లు వెళ్లివచ్చినవారి నోట వినబడెడివి. నేడు చేతిలోని ఫోను కూడ చెప్పుచున్నది గాని, అందులో మాటలాడువాడును వెళ్లివచ్చినవాడే గదా!

వేళ తెలియుట మరియొక బలము. మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని ఉదయములందు అరసవల్లి స్వామి పాదములపై సూర్యకిరణములు పడునని అందరికిని తెలియును. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను విజయదశమి తరువాతి మంగళవారము నాడు కదలును. తేది యున్నచో సెలవు అడుగవచ్చును, చుట్టములకు కబురు పంపవచ్చును. శాలిహుండమునకు అట్టి పిలుపు లేదు.

దూరమే అడ్డమని కొందరందురు. అది పూర్తిగా నిజము కాదు. విజయనగరమునకు చేరువనున్న రామతీర్థంలో కోవెల సమీపముననే గురుభక్తుల కొండ, దానిపై బౌద్ధ శిథిలములు కలవు. రాముని కొరకు వచ్చినవాడు దర్శనమైన వెంటనే బస్సు వేళ చూచుకొనును. పైన నేమున్నదో చెప్పువాడొకడు ఎదురైననే కొండవైపు తిరుగును.

కాబట్టి చిన్న ఊరు పెద్ద ఊరితో పోటీపడుట కంటె, దాని దినచర్యలో చోటు సంపాదించుట మేలు. అరసవల్లి, శ్రీకూర్మం, కళింగపట్నం సముద్రతీరము ఒక్క దినములో చుట్టి రావచ్చును. కళింగపట్నమునకు శాలిహుండం దగ్గరనే యున్నది. కాని బయలుదేరుటకు ముందు ఇంటి ఇల్లాలు అడుగు ప్రశ్నలు వేరు: త్రాగునీరున్నదా? నీడ యున్నదా? మరుగుదొడ్డి యున్నదా? చీకటి పడకముందే తిరిగి రాగలమా? వీనికి సరియైన బదులు దొరకనిచో ఎంతటి చరిత్రయైనను ఆ కుటుంబమును కదలింపజాలదు. ఒక కొబ్బరిబొండమునకు రెండింతలు ధర అడిగినచో, ఆ మాట బొండము కంటె ముందుగా ఊరు దాటును.

టెక్కలి ప్రాంతమున తేలినీలాపురం సంగతి వేరు. అచ్చటి చింతచెట్లపై గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటేట గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని, వేసవి నాటికి వెడలిపోవును. అవి సైబీరియా నుండి వచ్చునని వాడుక. నిజమునకు ఈ రెండు జాతులును దక్షిణాసియాకు చెందినవే. దూరదేశపు పేరు చెప్పిన కుతూహలము హెచ్చును కాబోలు. వాటి రాకను శుభముగా నెంచి గ్రామస్థులు తరతరములుగా కాపాడుచున్నారు. ఇచ్చట యాత్రికులు పెరుగుట మంచిదే గాని, చప్పట్లు చరచి, రాయి విసరి పక్షులను లేపువారు పెరుగరాదు. చెట్లకు ఎంత దూరమున నిలువవలెనో ఊరివారే ముందుగా చెప్పవలెను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం, టెక్కలి ప్రాంతములలో ఎన్నో చెట్లను కూల్చినది. చింతమొక్క గూడు మోయు చెట్టగుటకు ఎన్నో ఏండ్లు పట్టును. నాటవలసినవి ఈ వానలకే నాటవలెను.