టకటకమనే యాక్సిల్: ఎప్పుడు మార్చాలి?

ప్రశ్న: మాది గురజాల. పాత మారుతి 800 ఉంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు చక్రం దగ్గర టకటకమంటోంది. యాక్సిల్ మార్చక తప్పదా?

జవాబు: బండి ఆపి, ముందు చక్రాల వెనక యాక్సిల్ సీవీ జాయింట్లకు తొడిగి ఉన్న రబ్బరు బూట్లు చూడండి. చిరిగి, రిమ్ము లోపలివైపు గ్రీజు చిమ్మి ఉందా? జబ్బు అక్కడే మొదలైంది. పిడుగురాళ్ల వైపు సున్నపురాయి దుమ్ము మీకు తెలియంది కాదు. అది చిరుగులోంచి దూరిందంటే గ్రీజే సానరాయిగా మారి జాయింటులోని గుళ్లను అరగదీస్తుంది.

బూటు చిరిగినా చప్పుడు లేకుంటే జాయింటు విప్పి, కడిగి, సీవీ జాయింటు గ్రీజు నింపి, కొత్త బూటు వేయిస్తే చాలు. మీ బండికి ఆ దశ దాటింది. మలుపులో టకటకమందంటే చక్రం వైపున్న బయటి జాయింటు అరిగినట్టే. కొత్త గ్రీజు చప్పుడును కొన్నాళ్లు అణుస్తుందేమో గానీ అరిగిన లోహం తిరిగి రాదు. లోపలి జాయింటు, షాఫ్టు బాగుంటే బయటిదొక్కటే మార్పించండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి వణికితే లోపలిదీ అనుమానించాలి. అప్పుడు యాక్సిల్ మొత్తం మార్చడమే నయం.

మాచర్ల దాకా ప్రయాణం ఉంటే వాయిదా వెయ్యకండి. జాయింటు విరిగితే ఇంజను తిరుగుతున్నా బండి కదలదు.